బీ365 బోర్డుకు ఎంఈ 12 ఎక్కడం లేదు: ఫర్మ్‌వేర్, డ్రైవర్, టూల్ దేనికేది?

కొత్తబూటు:
బోర్డు బీ365 చిప్‌సెట్‌ది, ప్రాసెసర్ ఐ5-9400, విండోస్ 10. బయాస్ మొదటి పేజీలో ఎంఈ (మేనేజ్‌మెంట్ ఇంజిన్, ఇంటెల్ చిప్‌సెట్ లోపల విడిగా నడిచే చిన్న కంప్యూటర్) వెర్షన్ 11.8.60.3561 అని ఉంది. డివైస్ మేనేజర్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్ డ్రైవర్ 2040.100.0.1029.

300 సిరీస్ అంటే ఎంఈ 12 అని చదివి 12.0 ఫర్మ్‌వేర్ ఫైలు, దాని టూల్స్ తెచ్చుకున్నాను. అప్‌డేట్ టూల్ ప్లాట్‌ఫామ్ సరిపోలేదని మొదట్లోనే ఆగిపోయింది. వెర్షన్ 11 టూల్‌తో అదే ఫైలు ఇచ్చి చూస్తే అదీ ఒప్పుకోలేదు.

నా సందేహాలు ఇవి. పేరు 300 సిరీస్ అయినప్పుడు లోపల 11 ఎందుకుంది? డ్రైవర్ 2040కి పెంచినా ఫర్మ్‌వేర్ 11.8.60 దగ్గరే ఎందుకు ఆగింది? చిప్‌సెట్ డ్రైవర్ వేశాక కొన్ని డివైసులకు డ్రైవర్ తేదీ 18-07-1968 అని చూపిస్తోంది, ప్యాకేజీ పాడైందా? చివరగా, ఎఫ్‌పీటీతో (ఫ్లాష్ చిప్‌లోకి నేరుగా రాసే ఇంటెల్ టూల్) 12ను బలవంతంగా రాసేయొచ్చా?

పీసీహెచ్_పరిశీలన:
చివరి ప్రశ్నకే ముందు జవాబు: రాయకండి. ఎఫ్‌పీటీ ఫైలు మంచిచెడ్డలు చూడదు, చెప్పిన చోట చెప్పిన బైట్లు రాసేస్తుంది. 11 చిప్‌సెట్ మీద 12 రాస్తే ఎంఈ లేవదు. ఆ తర్వాత బోర్డు అసలు ఆన్ కాకపోవచ్చు, అయినా అరగంటకు తనంతట తానే ఆగిపోవచ్చు. సరైన ఎంఈ దొరకకపోతే 30 నిమిషాలకు మెషిన్ ఆపేయడం ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లలో ఎప్పటినుంచో ఉన్నదే. మీ అప్‌డేట్ టూల్ "కాదు" అని మిమ్మల్ని కాపాడింది.

ఇక 300 సిరీస్ సంగతి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుంటుంది బీ365. బీ360, హెచ్370, జెడ్390 14 నానోమీటర్ల కొత్త సిలికాన్, వాటికి ఎంఈ 12. బీ365 మాత్రం 22 నానోమీటర్ల పాత 200 సిరీస్ సిలికానే, పేరొక్కటే కొత్తది. జెడ్370 కూడా ఈ బాపతే. కాబట్టి రెండింటికీ 11.8. ఇదే తంతు తర్వాతి తరంలోనూ జరిగింది: జెడ్490, హెచ్470లకు 14.0 అయితే 22 నానోమీటర్ల బీ460కి 14.5. రెండూ 14తోనే మొదలవుతాయి గానీ ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు.

అందుకే బోర్డు పెట్టె మీద పేరునీ, ప్రాసెసర్ తరాన్నీ నమ్మకండి. డివైస్ మేనేజర్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అందులో వెండర్ 8086, దాని పక్కనే డివైస్ నంబరు. డెస్క్‌టాప్ చిప్‌సెట్లలో తరచూ కనిపించేవి ఇలా:

6 సిరీస్ 1సీ3ఏ, ఎంఈ 7 (8కి పెంచొచ్చు)
7 సిరీస్ 1ఈ3ఏ, ఎంఈ 8
8 సిరీస్ 8సీ3ఏ, 9 సిరీస్ 8సీబీఏ, రెంటికీ ఎంఈ 9
100 సిరీస్ ఏ13ఏ, 200 సిరీస్ ఏ2బీఏ, రెంటికీ ఎంఈ 11
అసలైన 300 సిరీస్ ఏ360, ఎంఈ 12
జెడ్490 వర్గం 06ఈ0, ఎంఈ 14.0
500 సిరీస్ 43ఈ0, ఎంఈ 15
600 సిరీస్ 7ఏఈ8, 700 సిరీస్ 7ఏ68, ఎంఈ 16

మీ దాంట్లో ఏ2బీఏ కనిపించాలి. కనిపిస్తే 12 గురించి మర్చిపోండి.

ఐఎన్ఎఫ్_బడి:
1968 తేదీ చూసి కంగారుపడక్కర్లేదు, అది కావాలని పెట్టిందే. 1968 జులై 18 ఇంటెల్ కంపెనీ పుట్టిన రోజు. చిప్‌సెట్ ఐఎన్ఎఫ్ ప్యాకేజీలో చాలావరకు పని చేసే డ్రైవర్ ఉండదు, "ఈ నంబరు డివైస్ పేరు ఇది" అని విండోస్‌కు చెప్పే చీటీ మాత్రమే ఉంటుంది. ఒకే డివైస్‌కు రెండు డ్రైవర్లు సమానంగా సరిపోతే విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. విండోస్‌తో వచ్చే సొంత డ్రైవర్ల తేదీ 2006 జూన్ 21. చీటీకి 1968 అని పెట్టారు కాబట్టి అది అసలు డ్రైవర్‌ను పక్కకు నెట్టదు. ఐఎన్ఎఫ్ ప్యాకేజీ కొత్త వెర్షన్ వేసినంత మాత్రాన మెషిన్ వేగం పెరగదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేవీ లేకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

2040 సంగతి వేరు. అది ఎంఈఐ (మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్) డ్రైవర్ వెర్షన్. విండోస్‌కూ ఎంఈకీ మధ్య మాటలు మోసే తలుపు అది. ఫర్మ్‌వేర్ బోర్డు మీద బయాస్ ఉన్న అదే ఎస్‌పీఐ ఫ్లాష్ మెమరీ చిప్‌లో, తనకంటూ ఉన్న భాగంలో ఉంటుంది. తలుపు మార్చినంత మాత్రాన లోపలి మనిషి మారడు. పాత రోజుల్లో డ్రైవర్ వెర్షన్ కూడా 11.0, 11.7 అంటూ ఫర్మ్‌వేర్‌ను పోలి ఉండేది, ఈ గందరగోళం అక్కడి నుంచే మొదలైంది.

డ్రైవర్ మీ హార్డ్‌వేర్‌కు పనికొస్తుందో లేదో వేయకముందే తెలుసుకోవచ్చు. ప్యాకేజీలో హెకీ అనే ఐఎన్ఎఫ్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ డివైస్ నంబరు వెతకండి. ఉంటే సరే. లేకపోతే ఎంత కొత్త డ్రైవరైనా మీకు కాదు. పాత చిప్‌సెట్ల నంబర్లను కొత్త ప్యాకేజీల్లోంచి తీసేస్తుంటారు. ఇంకో మాట, మామూలు ఇంటి బోర్డుకు డ్రైవర్ ఒక్కటే చాలు. ఎల్ఎంఎస్ లాంటి సర్వీసులన్నీ కలిపి వచ్చే పెద్ద ఇన్‌స్టాలర్ ఏఎంటీ (దూరం నుంచి మెషిన్‌ను చూసుకునే సదుపాయం) వాడే ఆఫీసు మెషిన్లకే అవసరం.

పీసీహెచ్_పరిశీలన:
@ఐఎన్ఎఫ్_బడి తలుపు పోలిక బాగుంది.

ప్రశ్న అడిగినవారికి: వెర్షన్ 11 టూల్స్‌లోని ఎంఈఇన్ఫో (ఎంఈ వివరాలు చూపే టూల్) నడిపి ఎఫ్‌డబ్ల్యు వెర్షన్, సెక్యూరిటీ వెర్షన్, పీటీటీ వరసలు ఇక్కడ పెట్టండి. ఏఎంటీ అనే మాట కనిపిస్తుందో లేదో కూడా చెప్పండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి, లేకపోతే డ్రైవర్‌తో మాట్లాడలేక ఎర్రర్ ఇస్తుంది.

కొత్తబూటు:
హార్డ్‌వేర్ ఐడీ ఏ2బీఏ. ఎంఈఇన్ఫోలో ఉన్నవి:

ఎఫ్‌డబ్ల్యు వెర్షన్: 11.8.60.3561 హెచ్
సెక్యూరిటీ వెర్షన్: 3
ఎంఈఐ డ్రైవర్ వెర్షన్: 2040.100.0.1029
ప్రస్తుత స్థితి: నార్మల్
మాన్యుఫాక్చరింగ్ మోడ్: డిజేబుల్డ్
పీటీటీ: ఎనేబుల్డ్

ఏఎంటీ మాట ఎక్కడా లేదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంది. అసలు నాకు అప్‌డేట్ అవసరమా?

పీసీహెచ్_పరిశీలన:
అవసరమే. 2020 జూన్‌లో ఇంటెల్ విడుదల చేసిన ఎస్ఏ-00295 భద్రతా ప్రకటన ప్రకారం 11.8.77 కంటే పాతవాటిలో లోపాలున్నాయి. అదే ప్రకటనలో 12కు హద్దు 12.0.64, 14.0కు 14.0.33. మీది 11.8.60 కాబట్టి దానికి ఇవతలే ఉంది. 2017 నవంబరు నాటి ఎస్ఏ-00086 దిద్దుబాటు 11.8.50.3425లోనే వచ్చేసింది కనుక ఆ ఒక్క విషయంలో ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఫైలు ఎంపిక. నాలుగు సంగతులు కలవాలి. మొదటిది 11.8. రెండోది హెచ్, అంటే డెస్క్‌టాప్, పెద్ద లాప్‌టాప్ చిప్‌సెట్ రకం. సన్న లాప్‌టాప్‌లది ఎల్‌పీ. మూడోది కన్స్యూమరా కార్పొరేటా అన్నది. ఏఎంటీ లేదు, బీ వరస చిప్‌సెట్ కాబట్టి మీది కన్స్యూమర్. సైజు చూసినా తేడా తెలుస్తుంది: కన్స్యూమర్ సుమారు 2 ఎంబీ లోపు, కార్పొరేట్ 5 ఎంబీ దాటుతుంది. నాలుగోది, ఫైలు దేనికోసం తయారైందన్నది. ఎంఈ అనలైజర్ అనే టూల్ మీదకు ఫైలు లాగి వదిలితే ఇవన్నీ ఒక పట్టికలో చూపిస్తుంది. అందులో టైప్ అనే వరసను తప్పక చూడండి. ఆర్‌జీఎన్ అంటే ఇంటెల్ ఇచ్చినట్టుగా ముట్టుకోని రీజియన్ (ఎంఈ భాగం ఒక్కటే ఉన్న ఫైలు). ఎక్స్‌ట్రాక్టెడ్ అంటే ఎవరి బయాస్‌లోంచో కోసి తెచ్చినది, దాంట్లో వాళ్ల బోర్డు సెట్టింగులు ఉంటాయి. అప్‌డేట్ టూల్ ఫైలులోని కోడ్ మాత్రమే తీసుకుని మీ బోర్డు సెట్టింగులను అలాగే ఉంచుతుంది కాబట్టి దానికి ఏది ఇచ్చినా నడుస్తుంది. ఎఫ్‌పీటీకి వేరేవాళ్ల ఎక్స్‌ట్రాక్టెడ్ ఫైలు ఇచ్చారో, వాళ్ల క్లాక్ సెట్టింగులు, పోర్టు కేటాయింపులు మీ బోర్డు మీదకు వచ్చి కూర్చుంటాయి. కొన్ని యూఎస్‌బీ పోర్టులు చచ్చిపోవడం, రెండోసారి నొక్కితేగానీ ఆన్ కాకపోవడం, ఇలాంటి రోగాలన్నీ అక్కడివే.

ఈ టూల్స్‌ను ఇంటెల్ నేరుగా వాడుకదారులకు ఇవ్వదు. మీ బోర్డు తయారీదారు పేజీలో ఎంఈ అప్‌డేట్ ప్యాకేజీ ఉంటే ముందు అదే వాడండి. ఫైలు, దానికి తగిన టూల్ రెండూ ఒకే జిప్‌లో ఉంటాయి. టూల్ వెర్షన్‌లో మొదటి అంకె ఎంఈ మొదటి అంకెతో కలవాలి: 11కు 11, 12కు 12. ఊరికే వెర్షన్ ఎంతో, లోపం ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇంటెల్ సీఎస్ఎంఈ వెర్షన్ డిటెక్షన్ టూల్ అందరికీ దొరుకుతుంది, అది దేన్నీ మార్చదు.

బైట్_బైరాగి:
పీటీటీ ఎనేబుల్డ్, బిట్‌లాకర్ ఆన్. అసలు ప్రమాదం ఇక్కడుంది, ఎవరూ అనలేదు. పీటీటీ అంటే ఎంఈ లోపలే నడిచే టీపీఎం, అంటే ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు దాచే భద్రతా భాగం. దాని తాళంచెవులు ఎంఈ డేటా భాగంలో ఉంటాయి. అప్‌డేట్ టూల్ ఆ భాగం జోలికి పోదు కానీ వెర్షన్ మారాక బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఎఫ్‌పీటీతో శుభ్రమైన రీజియన్ రాస్తే మాత్రం తాళంచెవులు పోయినట్టే, 48 అంకెల రికవరీ కీ లేకపోతే డిస్కులో ఉన్నదానికి నీళ్లొదులుకోవాల్సిందే. ముందు ఆ కీని వేరే చోట రాసి పెట్టుకుని, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. డీక్రిప్ట్ చేయనక్కర్లేదు.

వరస ఇలా పెట్టుకోండి. ఓవర్‌క్లాక్ ఉంటే తీసేయండి. బయాస్ కొత్తది వేయాల్సి ఉంటే తయారీదారు నోట్సు చదివి ఏది ముందో చూడండి, ఒక్కో బోర్డుకు ఒక్కో మాట చెబుతారు. ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో అప్‌డేట్ టూల్‌కు సేవ్ ఆప్షన్ ఇచ్చి ఇప్పుడున్న ఫర్మ్‌వేర్‌ను ఒక ఫైలుగా దించుకోండి. ఎఫ్ ఆప్షన్‌తో కొత్త ఫైలు పేరు ఇవ్వండి. శాతం 100కు చేరేదాకా దేన్నీ ముట్టుకోకండి. అయ్యాక రీస్టార్ట్ కాదు, షట్‌డౌన్ చేసి కరెంటు తీగ పీకి ఒక నిమిషం ఆగి పెట్టండి. ఎంఈ స్టాండ్‌బై కరెంటు మీద కూడా మేలుకునే ఉంటుంది, తీగ పీకితేనే దానికి అసలైన రీసెట్. లాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి ఉంచి మొదలుపెట్టండి.

ఆ తర్వాత ఎంఈఇన్ఫో మళ్లీ నడిపి వెర్షన్ చూడండి. ఎంఈని పరీక్షించే ఎంఈమాన్యుఫ్ టూల్ నడిపితే చివరి వరసలో పాస్డ్ అని రావాలి.

గేటు_లాజిక్:
ఇదే దారిలో నాదో ప్రశ్న. బోర్డు 600 సిరీస్, ఎంఈ 16.0. 13వ తరం ప్రాసెసర్ పెట్టాలనుకుంటున్నా. 16.1 తప్పనిసరా? ఒక చోట దొరికిన 16.1 రీజియన్ ఫైలు ఇస్తే అప్‌డేట్ టూల్ తీసుకోవడం లేదు.

పీసీహెచ్_పరిశీలన:
13వ తరానికి 600 సిరీస్ బోర్డుల తయారీదారులు 16.1నే ఇచ్చారు, మీ బోర్డు పేజీలో కూడా ఉండాలి. కొందరు ముందు ఎంఈ పెంచి ఆ తర్వాతే బయాస్ వేయమంటారు, ఆ మాట తప్పకండి. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే రెండూ పూర్తి చేసి, అప్పుడు ప్రాసెసర్ మార్చండి. 16.1కి వెళ్లాక 16.0కు తిరిగి రావడం లేదనుకునే మొదలుపెట్టండి. ఎంఈలో సెక్యూరిటీ వెర్షన్ అనే అంకె ఒకసారి పెరిగితే, తక్కువ అంకె ఉన్న ఫైలును అప్‌డేట్ టూల్ వెనక్కి రానివ్వదు. 6 సిరీస్ మీద ఎంఈ 7 నుంచి 8కి వెళ్లినవాళ్లదీ ఇదే పరిస్థితి.

ఫైలు ఎందుకు తీసుకోలేదంటే, 12 నుంచి లెక్క మారింది. 11 దాకా ఎంఈ ఒక్కటే ఇస్తే చాలు. 12 నుంచి పవర్ మేనేజ్‌మెంట్ చూసే పీఎంసీ ఫర్మ్‌వేర్ విడిగా ఉంటుంది, అప్‌డేట్ ఫైలులో రెండూ కలిసి ఉండాలి. తర్వాతి తరాల్లో దానికి పీసీహెచ్‌సీ, ఫై అనే చిన్న ఫర్మ్‌వేర్లు కూడా తోడయ్యాయి. మీకు దొరికింది ఉత్త రీజియన్, కాబట్టి టూల్ వద్దంది. ఫిట్ అనే ఇంటెల్ టూల్‌లో అన్నీ కలిపి అప్‌డేట్ ఫైలు తయారు చేసుకోవచ్చు. కానీ పీఎంసీ మీ పీసీహెచ్ (చిప్‌సెట్ చిప్) రకానికీ స్టెప్పింగ్‌కూ (దాని తయారీ రివిజన్) కలవాలి. తయారీదారు ప్యాకేజీ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

రాస్తున్నది_బూట్‌లూప్:
ఎఫ్‌పీటీ విషయంలో ఒక చిన్న సవరణ. అది ఎప్పుడూ ముట్టుకోకూడనిదేమీ కాదు, ఎంఈ పాడైపోయిన బోర్డుకు అదే మందు. బయాస్‌లో ఎంఈ వెర్షన్ 0.0.0.0 అని లేదా ఖాళీగా ఉండటం, ఎంఈఐ డివైస్ మాయమవడం లేదా కోడ్ 10 ఇవ్వడం, ఆన్ అవడానికి నిమిషం పట్టడం, ఫ్యాన్లు ఆగకుండా హోరెత్తడం దాని లక్షణాలు. అలాంటప్పుడు అప్‌డేట్ టూల్ పనిచేయదు, ఎందుకంటే అది మాట్లాడాల్సిన ఎంఈయే పడిపోయి ఉంది.

అక్కడ ఎఫ్‌పీటీతో డంప్ (చిప్‌లో ఉన్నదానికి కాపీ) తీయబోతే చాలా బోర్డులు ఎర్రర్ 26 ఇస్తాయి, అంటే ఆ భాగం చదవడానికి ప్రాసెసర్‌కు అనుమతి లేదని. ఫ్లాష్ డిస్క్రిప్టర్‌కు (చిప్‌లో ఏ భాగాన్ని ఎవరు చదవొచ్చో, రాయొచ్చో చెప్పే పట్టిక) తాళం ఉంది. బయాస్‌లో ఎంఈ ఎఫ్‌డబ్ల్యు ఇమేజ్ రీఫ్లాష్ అనే ఆప్షన్ ఉంటే ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి, ఆ ఒక్క బూట్‌కు తాళం తెరుచుకుంటుంది. లేకపోతే చిప్‌కు బయటి నుంచి తగిలించే ప్రోగ్రామర్ పరికరమే శరణ్యం. సీహెచ్341ఏ నల్ల బోర్డు చవకైనదే గానీ 3.3 వోల్టుల చిప్‌కు డేటా తీగల మీద 5 వోల్టులు పంపిస్తుంది, దాన్ని సరిచేసినది చూసుకోండి. చిప్ మీద అక్షరాలు చదవకుండా క్లిప్ పెట్టకండి: విన్‌బాండ్ 25క్యూ128ఎఫ్‌వీ 3.3 వోల్టులది, 25క్యూ128ఎఫ్‌డబ్ల్యు 1.8 వోల్టులది. చివరి ఒక్క అక్షరమే తేడా. 1.8 దానికి అడాప్టర్ లేకుండా పెడితే చిప్ పోతుంది.

రెండుసార్లు చదివి రెండు డంప్‌ల హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి అంకె) పోల్చండి, కలవకపోతే క్లిప్ సరిగా కూర్చోలేదు. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి 16 బైట్ల తర్వాత 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అని ఉండాలి, అది డిస్క్రిప్టర్ గుర్తు. అది లేకుండా అంతా ఎఫ్ఎఫ్ అని ఉంటే మీరు చదివింది గాలిని. మంచి డంప్ చేతికొచ్చాక ఫిట్‌లో తెరిచి, ఎంఈ భాగం బదులు అదే వెర్షన్ ఆర్‌జీఎన్ పెట్టి, మీ బోర్డు సెట్టింగులు అలాగే ఉంచి కొత్త ఫైలు కట్టాలి. అసలు డంప్‌ను మాత్రం చెరపకండి, మీ బోర్డు మ్యాక్ అడ్రసు, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. ఎఫ్‌పీటీతో రాసినట్టయితే చివర్లో జీరీసెట్ ఆప్షన్ ఇవ్వండి, ఎంఈ కూడా మొదటి నుంచి లేస్తుంది.

పెంగ్విన్_ప్రియ:
లైనక్స్‌లో ఉన్నవాళ్లకు: ఎల్ఎస్‌పీసీఐకి ఎన్ఎన్ ఆప్షన్ ఇస్తే అదే డివైస్ నంబరు కనిపిస్తుంది. ఎంఈఐ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, విడిగా వేయనక్కర్లేదు. ఎంఈ వెర్షన్‌ను సిస్ఎఫ్ఎస్‌లో క్లాస్, ఎంఈఐ, ఎంఈఐ0 కింద ఎఫ్‌డబ్ల్యు_వెర్ అనే ఫైలు చదివితే చాలు. తయారీదారు ఎల్‌వీఎఫ్ఎస్‌లో (లైనక్స్ ఫర్మ్‌వేర్ ఫైళ్లు దొరికే చోటు) పెట్టిన బోర్డులకు ఎఫ్‌డబ్ల్యుయూపీడీ అనే టూల్‌తో అప్‌డేట్ కూడా వస్తుంది.

ఏఎండీ బోర్డు వాళ్లు ఈ దారం చూసి ఎంఈ లాంటిది వెతకకండి. అక్కడ పీఎస్‌పీ (ఏఎండీ భద్రతా ప్రాసెసర్) ఫర్మ్‌వేర్, ఏజీసా (ప్రాసెసర్‌ను మొదలుపెట్టే కోడ్) రెండూ బయాస్ ఫైలు లోపలే వస్తాయి, విడిగా రాసేదేమీ ఉండదు. చిప్‌సెట్ డ్రైవర్ ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది.

కొత్తబూటు:
తయారీదారు పేజీలో బీ365కి 11.8 ప్యాకేజీ దొరికింది, 11.8.77 కంటే కొత్తదే. బిట్‌లాకర్ సస్పెండ్ చేసి నడిపాను, 100 శాతం అయ్యింది. రీస్టార్ట్ కొట్టాక డివైస్ మేనేజర్‌లో ఎంఈఐ మీద పసుపు గుర్తు వచ్చింది, కోడ్ 10. డ్రైవర్ మళ్లీ వేయాలా?

బైట్_బైరాగి:
డ్రైవర్ జోలికి పోకండి. మీరు కొట్టింది రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి తీగ పీకండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి, నిమిషం ఆగి పెట్టండి. పసుపు గుర్తు పోయి ఎంఈఇన్ఫోలో నార్మల్ అని వచ్చాకే బిట్‌లాకర్ రెజ్యూమ్ చేయండి.